సంజయ ధర్మము

సత్యము చెప్పవలెనని యెల్ల మతములును, ఎల్ల నీతిశాస్త్రములును బోధించుచున్నవి. దానిపై వివాదము లేదు. కాని యెవరు చెప్పినదానిని సత్యముగా గ్రహింపవలెను, చెప్పినవాని పట్ల విన్నవాని ధర్మమేమి యను రెండు ప్రశ్నలు మాత్రము అంత సులభములు కావు. ఇవి పండితులు సభలలో చర్చింపదగిన విషయములని చాలకాలము నే ననుకొంటిని. ప్రతిదినమును మన యిండ్లలోనికి వచ్చి మన సమాధానమునకై నిలిచియున్న ప్రశ్నలే యివి యని యీమధ్యనే నాకు తోచినది.

ఒకనాటి రాత్రి భోజనముల వేళ మా యింట టెలివిజనులో గాజా వార్తలు వచ్చుచుండెను. కూలిన యిండ్ల యెదుట నిలిచి యొక విలేఖరి మాటాడుచుండెను. మా మేనమామగారు నలువది యేండ్లు వకీలుపని చేసినవారు. వారు ముద్ద కలుపుచు, “ఆ చెప్పెడివాడు ఆ యూరివాడే గదా! తన యిల్లు కూలినవాడు చెప్పినది మొఱ యగును గాని సాక్ష్య మెట్లగును?” అనిరి. కళాశాలలో చదువుచున్న మా అమ్మాయి వెంటనే, “ఇల్లు కూలనివాడు అక్కడ లేనే లేడు గదా, తాతయ్యా! మఱి యెవరు చెప్పవలెను?” అని యడిగెను. మామయ్యగారు నవ్వి యూరకుండిరి. నేనును ఏమియు చెప్పలేకపోతిని. ఆ రెండు మాటలును నన్ను చాల దినములు విడువలేదు. వాని ఫలమే యీ వ్యాసము.

సూత్రములు వల్లించుటకంటె ఒక జీవితమును ముందుంచుకొని విచారించుట మేలు. కావున షిరీన్ అబూ అక్లే యను పాలస్తీను విలేఖరి చరిత్రమును పాఠకుల ముందుంచుచున్నాను.

ఆమె 1971వ సంవత్సరము ఏప్రిల్ 3వ తేదీన యెరూషలేము నగరమున జన్మించెను. బెత్లెహేమునకు చెందిన క్రైస్తవ కుటుంబ మామెది. జోర్డాను దేశమున మొదట భవననిర్మాణ శాస్త్రమున చేరి, అది తన మార్గము కాదని యెఱిగి, యర్మూక్ విశ్వవిద్యాలయమున పత్రికారచన నభ్యసించెను. ఇండ్లు కట్టుట నేర్వబోయిన యువతి తుదకు ఇండ్లు కూలుటను గూర్చి చెప్పు వృత్తిలో నిరువదియైదేండ్లు గడపవలసివచ్చుట కాలవైపరీత్యము. స్వదేశమునకు మరలివచ్చి, కొంతకాలము రేడియోలో పనిచేసి, 1997లో అల్ జజీరా టెలివిజను సంస్థలో చేరెను. ఆ సంస్థ పుట్టి యప్పటి కింకను ఒక సంవత్సరమే.

పాలస్తీనులో పత్రికావృత్తి నిన్న మొన్న పుట్టినది కాదు. 1908లో హైఫా నగరమున నజీబ్ నస్సార్ “అల్ కర్మిల్” పత్రికను, 1911లో యాఫా నగరమున ఈసా అల్ ఈసా “ఫలస్తీన్” పత్రికను స్థాపించిరి. మన కృష్ణాపత్రిక 1902లోను, ఆంధ్రపత్రిక 1908లోను పుట్టినవని తలచుకొన్నచో, ఆ జాతియు మన జాతియు ఇంచుమించొకే కాలమున అచ్చుయంత్రముద్వారా తమ్ము తాము తెలిసికొన నారంభించినవని విశదమగును. అయినను షిరీన్ తరమువారు అచ్చుకంటె దూరము పోవు సాధనమును చేపట్టిరి. 2000వ సంవత్సరమున రెండవ తిరుగుబాటు చెలరేగిన పిమ్మట ఆమె ముఖమును, కంఠమును అరబ్బు దేశముల యింటింట పరిచితములైనవి. బాలికలు అద్దము ముందు నిలిచి, తల దువ్వుకొను బ్రష్షును మైకుగా పట్టుకొని, ఆమెవలె వార్తలు చెప్పుట ఆడుకొనెడివారట. స్త్రీలు బహిరంగముగా మాటాడుటయే తప్పని తలచు వృద్ధులుగల యిండ్లలో గూడ నా యాట సాగియుండును. ఒక స్త్రీ తన పనిని చక్కగా చేయుటకంటె బలమైన సంస్కరణోపన్యాసము లేదు గదా!

ప్రజలకు సమీపముగా నుండుటకై తానీ వృత్తిని ఎన్నుకొంటినని యామె చెప్పెను. వాస్తవస్థితిని మార్చుట సులభము కాకపోవచ్చును గాని, ఆ ప్రజల కంఠమును లోకమునకు వినిపింప గలిగితి నని యామె తృప్తి. అందు గర్వము లేదు. తాను లోకము నుద్ధరించుచున్నా ననలేదు. చేరవేయుచున్నా ననెను.

ఇపుడు మామయ్యగారి ప్రశ్నకు వత్తము. బాధితజాతిలో పుట్టినవారు ఆ బాధకు సాక్షులు కాగలరా?

సాధారణముగా మనము రెండు గుణములను ఒకటిగా భావించి పొరపడుచున్నాము. ఒకటి ఉదాసీనత, రెండవది నిష్పక్షపాతము. జరిగినదానితో సంబంధము లేకుండుట ఉదాసీనత. జరిగినదానిని జరిగినట్లు చెప్పుట నిష్పక్షపాతము. మొదటిది స్థితి, రెండవది శీలము. సంబంధము లేనివాడు అబద్ధమాడవచ్చును, అజాగ్రత్తగా వినవచ్చును, విసుగుచెంది సగము చూచి వెడలిపోవచ్చును. సంబంధము గలవాడు, తన మాట తప్పైనచో తనవారి కష్టమంతయు నవిశ్వాసపాత్రమగునని యెఱిగి, మఱింత జాగ్రత్త వహింపవచ్చును. మన దేశపు సుప్రీముకోర్టు 1953లో దలీప్ సింగు కేసున ఇట్టి విషయమునే విచారించి, చనిపోయినవాని బంధువు చెప్పినంతమాత్రమున సాక్ష్యమును త్రోసివేయరాదనియు, సాధారణముగా అసలు నేరస్థుని విడిచి నిరపరాధిని ఇరికించుటకు దగ్గఱి బంధువే అందఱికంటె వెనుకాడుననియు నిర్ణయించినది. దీనిని నేను మామయ్యగారికి జ్ఞాపకము చేయవలసిన పనిలేదు. వా రెన్నోమారులు కోర్టులో దీనిని వాదించినవారే.

కాని యీ వాదమున కొక మేర గలదు. దుఃఖము మనుష్యుని చూపును వాడిచేయు ననుట యెంత నిజమో, మసకచేయు ననుటయు నంత నిజము. దీనికి జెనిన్ చరిత్రమే తార్కాణము. 2002 ఏప్రిలు మాసమున జెనిన్ శరణార్థి శిబిరమున ఘోరయుద్ధము జరిగెను. షిరీన్ ఆ దినములలో నచ్చటినుండి వార్తలు పంపినవారిలో నొకతె. పోరాటము సాగుచున్నపుడు ఇజ్రాయేలు సైన్యము విలేఖరులను, సహాయకులను శిబిరములోనికి పోనీయలేదు. లోపల వందలకొలది జనులు, ఐదువందలమంది యని సైతము, వధింపబడి రని వదంతి లోకమంతట వ్యాపించెను. తరువాత ఐక్యరాజ్యసమితి నివేదిక ప్రకారము మరణించిన పాలస్తీనీయులు కనీసము 52 మంది. వారిలో సగము వఱకు సామాన్యపౌరులై యుండవచ్చును. ఇజ్రాయేలు సైనికులు 23 మంది మరణించిరి.

ఈ యంకెలనుండి రెండు పాఠములు గ్రహింపవలెను. ఏబదిరెండు ప్రాణములు చిన్న సంఖ్య కాదు. దానిని ఐదువందలు చేసినవాడు ఆ ఏబదిరెండుగురకు అపకారమే చేసెను. ఏలయన, అతిశయోక్తి బయటపడిననాడు విరోధి “అదిగో, అంతయు అబద్ధము” అని, నిజమైన మరణములను గూడ దానితో తుడిచివేయును. ఇది మొదటి పాఠము. ఆ వదంతి ఎట్లు పుట్టినది? సాక్షులు లోపల నుండుటవలన కాదు. లోపలికి పోలేకపోవుటవలన పుట్టినది. సాక్షికి తలుపు మూసినవాడు వదంతికి కిటికీ తెఱచుచున్నాడు. ఇది రెండవ పాఠము. కావున సాక్షి బంధువైనందున భయపడనక్కఱలేదు గాని, సాక్షియే లేకపోయినచో మిక్కిలి భయపడవలెను.

మన పురాణములలో ఇట్టి సాక్షి యొకడు గలడు. కురుక్షేత్ర వృత్తాంతమును ధృతరాష్ట్రునకు చెప్పిన సంజయు డెవరు? తటస్థుడు కాడు. కౌరవసభలోనివాడు, ధృతరాష్ట్రుని యన్నము తిన్నవాడు, ఆ రాజును ప్రేమించినవాడు. అయినను రాజకుమారులు చేసిన యధర్మమును దాచలేదు. పాండవుల పరాక్రమమును తగ్గింపలేదు. నీవే దీనికి కారకుడవని రాజు ముఖముననే పలుమాఱు పలికెను. అతనిని సాక్షిగా చేసినది తటస్థజన్మము కాదు, తనవారికి రుచింపనిదానిని గూడ చెప్పగల శీలము. సాక్షిని పరీక్షించుటకు నాకు తెలిసిన గీటురాయి యిదియే: “నీ వెక్కడ పుట్టితివి?” అని కాదు, “నీవారికి కటువైన సత్యమును చెప్పగలవా? ఎదుటివారి మాట వినుటకు శ్రమపడుదువా?” అని యడుగవలెను. షిరీన్ తన చివరి దినములలో ఇజ్రాయేలు పత్రికలు చెప్పునది బాగుగా గ్రహించుటకై హీబ్రూ భాష నభ్యసించుచుండెనట. ఏబదియేండ్ల వయస్సున, ఎదుటిపక్షపు భాషను నేర్చుకొనుటకు పుస్తకము తెఱచిన స్త్రీని పక్షపాతి యని యెట్లనగలము?

ఆమె పనిచేసిన సంస్థ కతారు ప్రభుత్వపు ధనముతో నడచునదే. దాని మాటను విమర్శతో వినవలె ననుట న్యాయమే. ఏ రాజు ధనముతో నడచు పత్రికనైనను అట్లే వినవలెను. కాని విమర్శతో వినుట వేఱు, వినకుండుట వేఱు.

2022 మే 11వ తేదీ ఉదయమున షిరీన్ మరల జెనిన్‌లో నుండెను. ఇజ్రాయేలు సైన్యము శిబిరముపై చేసిన దాడిని గూర్చి చెప్పుటకు వచ్చినది. తలపై హెల్మెట్టు, మేన “ప్రెస్” అని వ్రాసిన నీలికవచము నుండెను. గుండు తలకు తగిలి యామె మరణించెను. సహచరుడైన అలీ అల్ సమూదీ అను విలేఖరికి వీపున గాయమయ్యెను.

ఆమె మరణానంతరము జరిగినది మన ప్రశ్నకు మఱియొక విధముగా సమాధానము చెప్పుచున్నది. పాలస్తీను సాయుధుల గుండే తగిలియుండవచ్చునని మొదట ఇజ్రాయేలు అధికారులు సూచించి, వీధిలో కాల్పులు జరుపుచున్న యొకనిని చూపు దృశ్యమును ప్రచురించిరి. ఆ దృశ్యమందలి స్థలమునుండి కాల్చిన గుండు షిరీన్ నిలిచిన చోటునకు చేరజాలదని అదే దినమున నిరూపించిన సంస్థ “బెత్సెలెం”. అది ఇజ్రాయేలు దేశపు మానవహక్కుల సంస్థ. తన ప్రభుత్వమునకు కటువైన మాట నది చెప్పినది. పిమ్మట పెక్కు పత్రికలు దృశ్యములను, ధ్వనులను పరిశోధించెను. జూన్ 24వ తేదీన ఐక్యరాజ్యసమితి మానవహక్కుల కార్యాలయము ఆ గుండు ఇజ్రాయేలు బలగములనుండి వచ్చినదని చెప్పెను. జూలై 4వ తేదీన అమెరికా ప్రభుత్వము, ఇజ్రాయేలు సైన్యపు స్థానములనుండి వచ్చిన కాల్పులే కారణమై యుండవచ్చు ననియు, ఉద్దేశపూర్వకమని తలచుటకు హేతువు కనబడలే దనియు ప్రకటించెను. సెప్టెంబరు 5వ తేదీన ఇజ్రాయేలు సైన్యమే, తమ సైనికుని గుండు పొరపాటున తగిలియుండుటకు ఎక్కువ యవకాశము గలదని యొప్పుకొని, నేరవిచారణ మాత్రము జరుపబోమని చెప్పెను. ఉద్దేశము గలదా, లేదా యన్న వివాదము నేటికిని తీరలేదు. అట్టిదానిని తీర్చుటకే న్యాయస్థానములు గలవు. విచారణ జరుగనిచోట నిర్దోషికి గూడ నిర్దోషిత్వము దక్కదు.

మే 13వ తేదీన ఆమె శవపేటికను యెరూషలేము వైద్యాలయమునుండి కొనిపోవునపుడు పోలీసులు మోయువారిని లాఠీలతో కొట్టుటయు, పేటిక యొరగి నేలపై పడబోవుటయు లోకమంతయు చూచినది. అయినను మోయువారు దానిని పడనీయలేదు. చర్చిల గంటలు మ్రోగినవి. వేలకొలది జనులు నడచిరి. తలిదండ్రుల సమాధుల చెంత ఆమెను ఖననము చేసిరి.

సాక్షికి రక్షణ యెందులకు? సాక్షి సామాన్యులకంటె గొప్పవాడగుటచేత కాదు. హనుమంతుని చంపబోయిన రావణునితో విభీషణుడు “దూత అవధ్యు” డని వాదించెను. దూత ప్రియుడా యప్రియుడా యని యతడు చూడలేదు. వార్త ఇటునటు పోవు మార్గము తెగినచో యుద్ధమునకు హద్దుండదని యతని భావము. భారతమున సంజయుని సాత్యకి పట్టుకొని చంపబోగా వ్యాసుడు వచ్చి విడిపించెను. ఆ కథ నాకు మిక్కిలి యర్థవంతముగా కనబడుచున్నది: యుద్ధమును చెప్పువానిని యుద్ధమే మ్రింగబోయినది, కవి యడ్డుపడకున్నచో కథయే యుండెడిది కాదు. ఇదే ధర్మమును నేటి ప్రపంచము 1977లో జెనీవా ఒప్పందముల మొదటి అనుబంధమున 79వ యధికరణముగా వ్రాసికొన్నది: యుద్ధప్రదేశమున పనిచేయు విలేఖరిని సామాన్యపౌరునిగా భావించి కాపాడవలెను. వ్రాత యున్నది. వ్యాసుడు మాత్రము రాలేదు.

షిరీన్ మరణమునకు సంవత్సరమున్నర గడువకమున్నే అంతకంటె పెద్ద విపత్తు సంభవించెను. 2023 అక్టోబరు 7వ తేదీన హమాస్ దాడిలో ఇజ్రాయేలున ఇంచుమించు 1,200 మంది చంపబడిరి. మృతులలో రోయీ ఇదాన్ అను పత్రికా ఛాయాగ్రాహకుడు నుండెను. కఫర్ అజా యను స్వగ్రామమున అతడును, అతని భార్యయు చంపబడిరి. అతడును ఆ యూరివాడే. తరువాత గాజాపై జరిగిన యుద్ధమున పాలస్తీను విలేఖరులు రెండువందలకు మించి మరణించినట్లు పత్రికారచయితల రక్షణసంఘములును, ఐక్యరాజ్యసమితియు లెక్కించినవి. వారిలో కొందఱు యోధులే యని సైన్యము ఆరోపించినది. వారి సంస్థలు దానిని ఖండించినవి. ఆ యుద్ధకాలమున విదేశవిలేఖరులను సైన్యపు వెంట తప్ప స్వతంత్రముగా గాజాలోనికి పోనీయలేదు. కావున “ఇల్లు కూలనివాడు అక్కడ లేనే లేడు” అని మా అమ్మాయి యన్న మాట అక్షరాల నిజము.

వాయిల్ దహ్‌దూహ్ గాజాలో అల్ జజీరా శాఖకు ముఖ్యుడు. 2023 అక్టోబరు 25వ తేదీన అతని భార్య, కుమారుడు, కుమార్తె, పసిబిడ్డయైన మనుమడు వైమానికదాడిలో మరణించిరి. మఱునాడే యతడు మరల కెమెరా ముందు నిలిచెను. డిసెంబరులో అతడు గాయపడెను. వెంటనున్న ఛాయాగ్రాహకుడు సామిర్ అబూ దఖ్ఖా మరణించెను. 2024 జనవరి 7వ తేదీన, విలేఖరియే యైన పెద్దకుమారుడు హమ్జాయు మరణించెను.

ఇట్టి మనుష్యుని చూచి “ఆహా, యేమి ధైర్యము!” అని కొనియాడుట మనకు సులభము. ఇచ్చటనే మనము జాగ్రత్తపడవలెను. మన సంఘమున త్యాగమును పొగడి తృప్తిపడు దురభ్యాసము చిరకాలమునుండి యున్నది. సహనముతో బాధపడు వితంతువును దేవత యని పొగడి యామె బాధను తొలగింపకుండుట మనకు తెలియని విద్య కాదు. వీరేశలింగము పంతులుగారు పోరాడినది అట్టి పొగడ్తతోనే గదా! విలేఖరి ధైర్యమును మెచ్చుకొని, అతని కా ధైర్యము అవసరము కాకుండ చేయవలసిన ధర్మమును మఱచుట అదే జాతి పాపము. భార్యాబిడ్డలను పూడ్చిన మఱునాడు మనుష్యుడు ఏడ్చుటకు వీలు గలిగియుండవలెను. అతడు మైకు పట్టవలసివచ్చుట అతని కీర్తి. లోకమునకు మాత్రమది సిగ్గు.

ఇక రెండవ ప్రశ్న: విన్నవాని ధర్మమేమి? మరల భారతమునకే పోవుదము. వ్యాసుడు యుద్ధమును చూచుటకు కన్నుల నిత్తునని ధృతరాష్ట్రున కనెను. రాజు వలదనెను, జ్ఞాతివధను చూడలేను, వినుచుందును చాలుననెను. అతడు నిజముగా నన్నియు వినెను. ప్రతి మరణమునకును మూర్ఛిల్లెను, విలపించెను, “తరువాత నేమి జరిగెను సంజయా?” అని యడిగెను. కాని యుద్ధము నాపుమని తన కుమారునకు గట్టిగా నొక్కమాట పంపలేదు. అతని గ్రుడ్డితనము నేరము కాదు. విన్నది తన చేతిలోనికి దిగకుండుటయే నేరము.

భోజనపు పళ్లెము ముందు కూర్చుండి యుద్ధవార్తలు వినెడి మనము సంజయులము కాము, ధృతరాష్ట్రులము. దూరదేశపు యుద్ధము నాపుట మన చేతిలో లేదు. అతని చేతిలో నుండెను. అయినను మన చేతిలో నున్నది బొత్తిగా శూన్యము కాదు. విన్నదానిని పెంచకుండ, తుంచకుండ మఱియొకరికి చెప్పవచ్చును. ఐదువందలను వినగోరు చెవిని, ఏబదిరెంటిని త్రోసివేయు చెవిని, రెంటిని గూడ నదుపులో నుంచవచ్చును. ఒక పక్షపు పిల్లల మరణమున కేడ్చి రెండవ పక్షపు పిల్లల మరణమునకు లెక్కలు వేయు దుర్బుద్ధిని మానవచ్చును. మన తాలూకాలోనే యిసుకను గూర్చియో, భూమిని గూర్చియో నిజము వ్రాసి పెద్దల కోపమునకు గురియైన చిన్న విలేఖరి యున్నచో, అతని యింటికి పోయి “మేమున్నాము” అనవచ్చును. జెనిన్‌లో సాక్షిని గౌరవించి స్వగ్రామమున సాక్షిని విడిచిపెట్టువాని గౌరవము బొంకు.

ఈ వ్యాసమును మామయ్యగారికి చదివి వినిపించితిని. వారు తుదివఱకు విని, కొంతసేపూరకుండి, “సాక్షిని ప్రశ్నింపవద్దని నీవనుట లేదు గదా?” అని యడిగిరి. “లేదు. ప్రశ్నింపవలసినదే. కాని ప్రశ్నించువాడు సమాధానము వఱకు కూర్చుండవలెను,” అంటిని. “అది న్యాయమే. క్రాస్ పరీక్ష చేసి, జవాబు వినకుండ బయటికి పోయిన వకీలును నేను మెచ్చను,” అనిరి వారు.

ఆ రాత్రి వార్తలు వచ్చినపుడు మా యింట నెవరును మాటాడలేదు. మామయ్యగారు ముద్ద కలుపుట మాని, వార్త ముగియువఱకు వినిరి.